బీరువాలో రెండో కంప్యూటరు

పోర్ట్ బ్లెయిర్ డిగ్నాబాద్‌లో దుర్గారావు ఇల్లెక్కడని అడిగితే ఎదుటివాళ్లు కాస్త ఆలోచిస్తారు. లామినేషన్ దుర్గారావు అంటే మాత్రం కూరలమ్మే బెంగాలీ ఆవిడ కూడా నెత్తిమీది గంప దించకుండానే గడ్డంతో చూపిస్తుంది. మలుపులో నీలం రేకుల ఇల్లు, ముందు గదిలో దుకాణం, గుమ్మం పైన ‘గురు ఆన్‌లైన్ సెంటర్’ అని బోర్డు. ఆ బోర్డు కూడా లామినేట్ చేసిందే.

మెయిన్‌లాండ్ నుంచి కొత్తగా దిగినవాళ్లకి ఈ పిచ్చి అర్థం కాదు. ఒక వానాకాలం గడిపితే అర్థమవుతుంది. ఇక్కడ మేలో మొదలైన వాన డిసెంబరు దాకా పూర్తిగా పోదు. వాన లేని రోజున ఉప్పుగాలి ఉంటుంది. ఇనుము తుప్పు పడుతుంది, తలుపులు ఉబ్బుతాయి, వేయించిన అప్పడం పళ్లెంలోకి వచ్చేలోగా మెత్తబడుతుంది. కాగితం సంగతి చెప్పక్కర్లేదు. పదో తరగతి మార్కుల జాబితా రెండేళ్లలో బూజు పట్టిపోతే, ఆ తర్వాత పిల్లవాడి మార్కులు తల్లి జ్ఞాపకంలోనే ఉంటాయి, అక్కడ అవి ఏటేటా పెరుగుతాయి కూడా.

అందుకే పోర్ట్ బ్లెయిర్‌లో పాత కాపురస్తులు బీరువా అడుగున నలభై వాట్ల బల్బొకటి ఎప్పుడూ వెలిగించి ఉంచుతారు. ఆ వెచ్చదనానికి పట్టుచీరలూ ఇంటి కాగితాలూ కెమెరాలూ బతుకుతాయి. ఎల్ఈడీ బల్బులు వచ్చాక వెలుగు మిగిలింది, వేడి పోయింది. దాంతో తీగ బల్బులు దాచుకోవడం మొదలైంది. దుర్గారావు దగ్గర పదకొండున్నాయి. వాటిలో రెండింటిని కూతురి పెళ్లికి సారెతో పాటు పంపాడని పేటలో చెప్పుకుంటారు. గురమ్మ మూడంటుంది.

గురమ్మ ఆయన భార్య. దుకాణం పేరులో ఉన్న ‘గురు’ ఆవిడే. చాలామంది దాన్ని ఆధ్యాత్మికంగా అర్థం చేసుకుని చెప్పులు బయట విడిచి వస్తారు.

ఇక లామినేషను. రేషన్ కార్డు, ద్వీపవాసి కార్డు, ఓడ టికెట్టు రాయితీ పత్రం, పిల్లల టీకాల చీటీ, అన్నీ ఆ గదిలో ప్లాస్టిక్ తొడుక్కుని బయటికి వెళతాయి. ఒకాయన ముప్పై ఏళ్ల నాటి ప్రేమలేఖ తెచ్చి వేయించుకుపోయాడు. అది రాసింది ఆయన భార్య కాదు. దుర్గారావు ఎవరికీ చెప్పలేదు, గురమ్మకి తప్ప. గురమ్మ కూడా ఎవరికీ చెప్పలేదు, ఆ భార్యకి తప్ప.

ఆ మిషను మీద మొట్టమొదట లామినేట్ అయిన కాగితం దాని బిల్లే. ఉద్యోగ విరమణ చేసిన ఏడాది చెన్నైలో ఒక పెద్ద దుకాణంలో కంప్యూటరు, అందులోకి అసలైన సిస్టమ్ సాఫ్ట్‌వేరు, లామినేషన్ మిషను ఒకే బిల్లు మీద కొన్నాడు. ఇంటికి తెచ్చి, మిషను వేడెక్కగానే, భద్రంగా ఉండాల్సిన కాగితం ఇంతకంటే ఇంకేముంటుందని ముందు ఆ బిల్లే పెట్టాడు. ఆ రకం బిల్లుల మీద అక్షరాలు సిరాతో పడవు, వేడితో పడతాయి. అవతలి వైపు నుంచి బిల్లు నల్లగా, బొగ్గులాగా, అంచులు మాత్రం మహా అందంగా అతుక్కుని వచ్చింది. దాన్ని పారేయడానికి మనసొప్పక గోడకి తగిలించాడు. ఎవరైనా అదేమిటని అడిగితే గురమ్మ, "మా ఆయన మొదటి పని" అంటుంది.

ఇంత జాగ్రత్త మనిషి ఎలా తయారయ్యాడో తెలియాలంటే ఊళ్లో రేవున్న పేట, హాడో వెళ్లాలి. తండ్రి రమణయ్య సోంపేట దగ్గరి పల్లె నుంచి డెబ్భై ఏళ్ల కిందట విశాఖపట్నంలో ఓడెక్కాడు. మూడు రోజుల ప్రయాణం, నాలుగు రోజుల వాంతులు. ఒడ్డుకి చేరాక కూడా ఒక రోజు అయ్యాయన్నమాట. రేవులో బస్తాలు మోసి, ఆ రేవు పక్కనే కాపురం పెట్టాడు. దుర్గారావు అక్కడే పుట్టి, అక్కడే చదివి, అక్కడే ప్రభుత్వ పడవలు బాగుచేసే ఒక వర్క్‌షాపులో స్టోర్‌కీపరై ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాడు.

స్టోర్‌కీపరుకి లోకంలో వస్తువులు రెండు రకాలు: రిజిస్టరులో ఉన్నవి, లేనివి. వస్తువు పాడైతే దానికి ట్యాగు కట్టి పక్కన పెట్టాలి. అది పాడైందని ముగ్గురు సభ్యుల కమిటీ కూర్చుని, చూసి, ‘బాగుచేయడం గిట్టదు’ అని రాసి, కళ్లెదుట పగలగొట్టించి సంతకాలు పెట్టేదాకా అది స్టాకులో ఉన్నట్టే. దీన్ని వాళ్ల భాషలో కండెమ్ చేయడం అంటారు. ఒకసారి ఒక లాంచి లంగరు గొలుసు తెగి సముద్రంలో పడిపోయింది. కమిటీ వస్తువుని కళ్లతో చూడాలి కదా, ఎవరు మునుగుతారు? తొమ్మిదేళ్లు ఆ లంగరు దుర్గారావు రిజిస్టరులో నిక్షేపంగా ఉంది. ‘ఉన్న చోటు’ అనే గడిలో ‘సముద్రం అడుగు’ అని రాసేవాడు. ఏటా ఆడిట్ వాళ్లు వచ్చి దాని పక్కన టిక్కు పెట్టి పోయేవారు. ముప్పై ఒక్క ఏళ్లలో ఆయన మీద ఒక్క అభ్యంతరం రాలేదు.

అదే వర్క్‌షాపులో ఇంకో లాంచి ఉండేది. దానికి ఇంజను మార్చారు, అడుగు రేకులు మార్చారు, నీళ్లలో తిరిగే పంకా రెండుసార్లు మార్చారు, చివరికి దాన్ని నడిపే సరంగు కూడా రిటైరై కొత్తవాడొచ్చాడు. పేరు మారలేదు. ఇన్ని మారాక అది ఆ ఓడేనా అని గ్రీసు దేశంలో వెనకటి పండితులు తలలు బద్దలు కొట్టుకున్నారట. హాడోలో దానికి జవాబు ఎవరో గుమస్తా ఎప్పుడో రాసిపెట్టాడు: పేరు చెక్కిన ఇత్తడి పలక ఉన్నంతకాలం అదే ఓడ. ఈ ఊరికి ఈమధ్య పేరే మార్చారు, ఊరు మారలేదు, జనం పాత పేరుతోనే పిలుస్తున్నారు. దీని గురించి గ్రీసువాళ్లు ఏమనేవారో తెలియదు.

ఈ ఏడు ఆగస్టు ఆఖర్లో, ఒక పింఛనుదారు ఫారం సగం నింపుతుండగా, దుర్గారావు కంప్యూటరు కన్ను మూసింది.

డాలీగంజ్ నుంచి భాను స్కూటరు మీద వచ్చింది. పాలిటెక్నిక్ చదివిన ముప్పై ఏళ్ల మనిషి. డిగ్నాబాద్ నుంచి డాలీగంజ్ దాకా కంప్యూటర్లకి వైద్యురాలు. తెలుగు ధారాళంగా మాట్లాడుతుంది. చదవమంటే మాత్రం దుకాణాల బోర్డుల దగ్గరే ఆగిపోతుంది. పెట్టె విప్పి, టార్చి వేసి చూసి పెదవి విరిచింది.

"అంకుల్, మదర్‌బోర్డు గయా. చూడండి, పచ్చగా పాచి పట్టీసింది. సముద్రంలో ముంచి తీసినట్టుంది."

"పక్కన బల్బు పెట్టాను కదమ్మా."

"బల్బా? కంప్యూటర్ పక్కనా?" భాను గురమ్మ వైపు తిరిగింది. "ఆంటీ, ఈయన సీరియస్‌గానే అంటున్నారా?"

"నా పక్కన ఎప్పుడూ పెట్టనేదు గానీ, దానికి పెట్టారు" అంది గురమ్మ.

కొత్త మదర్‌బోర్డు చెన్నై నుంచి పదకొండు రోజులకి వచ్చింది. శుక్రవారం పొద్దున్న భాను బిగించింది. పాతదాన్ని చెత్తలో వేయబోతుంటే దుర్గారావు చేయి అడ్డం పెట్టి తీసుకుని, దానికి అట్టముక్క ట్యాగు కట్టి, నంబరు రాసి, తేదీ వేసి, బీరువాలో బల్బు పక్కన పెట్టాడు. రిటైరై ఆరేళ్లయినా ఇంటి సామానుకి ఆయన దగ్గర రిజిస్టరుంది. అందులో చెంచాలు కూడా ఉన్నాయి.

కంప్యూటరు లేచింది. ఫైళ్లన్నీ ఉన్నాయి, పింఛనుదారు సగం ఫారం కూడా ఉంది. తెర కింద కుడిమూల మాత్రం పొగమంచులాంటి అక్షరాలు ప్రత్యక్షమయ్యాయి, సిస్టమ్‌ని యాక్టివేట్ చేసుకోమని.

"ఇదేటి? నా సాఫ్ట్‌వేరు అసలుదే కదా. డబ్బు కట్టి కొన్నదే కదా" అన్నాడు దుర్గారావు.

"అసలుదే అంకుల్. కానీ అది మిమ్మల్ని గుర్తుపట్టదు, మదర్‌బోర్డుని గుర్తుపడుతుంది. మదర్‌బోర్డు మారింది కదా, ఇది వేరే కంప్యూటర్ అనుకుంటోంది."

"పెట్టె అదే, హార్డ్ డిస్కు అదే, కీబోర్డు మీద చెరిగిపోయిన అక్షరాలు కూడా అవే."

"దానికి కీబోర్డుతో పనిలేదు."

దుర్గారావుకి ఇత్తడి పలక గుర్తొచ్చింది. ఆయన ఇంజను మార్చాననుకున్నాడు. అది పలకే పీకేశావంటోంది.

మామూలుగా అయితే ఆ మంచు అక్షరాలతో జీవితాంతం గడిపేయొచ్చు. ఈ ఊళ్లో సగం కంప్యూటర్లు అలాగే గడుపుతున్నాయి. కానీ వచ్చే బుధవారం పదకొండింటికి తనిఖీ. ప్రభుత్వ ఫారాలు నింపి పంపే ఇలాంటి సెంటర్లకి ఒక ఆఫీసు అనుమతి పత్రం ఇస్తుంది, మూడేళ్లకోసారి వచ్చి చూసి పొడిగిస్తుంది. ఈసారి నోటీసులో ఏడో షరతు కొత్తగా చేర్చారు: లైసెన్సు లేని సిస్టమ్ సాఫ్ట్‌వేరు కనిపిస్తే అక్కడికక్కడే అనుమతి రద్దు. అనుమతి పోతే ఫారాలుండవు. ఫారాలు లేకపోతే ఓడ టికెట్ల కోసం తెల్లారకుండా గుమ్మం ముందు చేరే జనం ఉండరు. మిగిలేది లామినేషను, గురమ్మ.

భాను గొంతు తగ్గించింది. "అంకుల్, దస్ మినిట్ కా కామ్ హై. నా పెన్‌డ్రైవులో చిన్న ప్రోగ్రాముంది. పెడితే ఆ అక్షరాలు పోతాయి. హాడోలో, డాలీగంజ్‌లో అందరికీ అదే పెట్టాను. ఎవరికీ ఏం కాలేదు."

"అసలుది చేతిలో పెట్టుకుని దొంగది ఎక్కించమంటావా?"

"దొంగది కాదు అంకుల్, జుగాడ్, చిన్న ఉపాయం."

"నా రిజిస్టరులో ఆ పేరుతో కాలమ్ నేదమ్మా."

భాను పెన్‌డ్రైవు జేబులో పెట్టుకుంది. శనివారం ఇంటర్నెట్లో ప్రయత్నించారు. సముద్రం అడుగున తీగ వేశాక ఇక్కడ ఇంటర్నెట్ బాగుపడిందని అంటారు, నిజమే, అంతకుముందు ఒక ఫొటో పంపడానికి పట్టే టైములో ఫొటోలోని మనిషి ముసలివాడయ్యేవాడు. ఇప్పుడు జవాబు వెంటనే వస్తోంది. వచ్చిన జవాబు మాత్రం ‘మీ హార్డ్‌వేరు మారినట్టుంది’ అని. ఈమధ్య హార్డ్‌వేరు మార్చాను అనే చోట నొక్కితే, ముందుగా మీ ఖాతాతో కలిపిన కంప్యూటర్ల జాబితా చూపిస్తాం అంది. దుర్గారావు ఎప్పుడూ ఏ ఖాతాతోనూ కలపలేదు. జాబితా ఖాళీగా వచ్చింది. ఆయన జీవితంలో చూసిన మొదటి ఖాళీ స్టాకు జాబితా అదే.

మిగిలింది ఫోను. సోమవారం నాలుగున్నర దాటాక, తెర మీద తొమ్మిది గుంపుల అంకెలు తెచ్చి పెట్టింది భాను. గుంపుకి ఏడు. వాటిని ఫోనులో ఒక్కొక్కటే నొక్కాలి. దుర్గారావు మనసులో తెలుగులో చదువుకుని, పైకి హిందీలో పలుకుతూ, ఇంగ్లీషు అంకెలు నొక్కాడు. నలభై రెండో అంకె దగ్గర సిగ్నల్ పోయింది. రెండోసారి మొత్తం నొక్కాడు. అవతల యంత్రం గొంతు ధన్యవాదాలు చెప్పి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది: ఈ సాఫ్ట్‌వేరు కాపీ ఎన్ని కంప్యూటర్లలో ఉంది? సంఖ్య నొక్కండి.

భాను అప్పుడే టీ గ్లాసులు తేవడానికి వంటింట్లోకి వెళ్లింది. వెళ్లకపోయుంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

దుర్గారావు ఆలోచించాడు. కొత్త మదర్‌బోర్డు బల్ల మీదుంది. పాతది బీరువాలో ఉంది, ట్యాగుంది, రిజిస్టరులో ఉంది, ఏ కమిటీ దాన్ని తీసేయలేదు. ఆ అవతలి కంపెనీవాళ్లకి కంప్యూటరంటే మదర్‌బోర్డేనని భానే కదా చెప్పింది. రెండు నొక్కాడు.

కాసేపు సంగీతం వినిపించింది. తర్వాత మనిషి వచ్చింది. అమ్మాయి గొంతు, ఎక్కడో మెయిన్‌లాండ్‌లో. ఇద్దరూ హిందీలోనే మాట్లాడుకున్నారు, ఆ అమ్మాయిది పుస్తకాల హిందీ, ఈయనది రేవు హిందీ.

"సార్, రెండు కంప్యూటర్లలో వాడుతున్నారా?"

"వాడుతున్నది ఒకటేనమ్మా. ఉన్నవి రెండు."

"రెండోది ఎక్కడుంది సార్?"

"బీరువాలో."

"బీరువాలో... ఆన్‌లో ఉందా సార్?"

"లేదు. పక్కన బల్బు ఆన్‌లో ఉంది."

"సార్, ఒక లైసెన్సు ఒక కంప్యూటరుకే. మీరు రెండని చెప్పారు కాబట్టి నేను ముందుకు వెళ్లలేను. కొన్న బిల్లుంటే స్కాన్ చేసి పంపండి, పై వాళ్లు చూస్తారు."

దుర్గారావు గోడ వైపు చూశాడు. నల్లటి బిల్లు ట్యూబులైటు వెలుగులో తళతళలాడుతోంది.

"బిల్లు ఉందమ్మా, కానీ కనపడదు."

"పోయిందా సార్?"

"పోలేదు. ఉంది. చాలా భద్రంగా ఉంది."

"సరే సార్, తీరిగ్గా వెతికి చూడండి. ఇంకా సాయంత్రం కాలేదు కదా, ఇవాళైనా దొరకొచ్చు."

ఇక్కడ అప్పటికే దీపాలు పెట్టేశారు. ఈ దీవుల్లో సూర్యుడు తెల్లవారుజామున ఐదింటికే డ్యూటీ ఎక్కి, సాయంత్రం ఐదున్నరకల్లా దిగిపోతాడు. గడియారం మాత్రం వెయ్యి మైళ్ల అవతలివాళ్లది. ఆ సంగతి ఆ అమ్మాయికి చెప్పి లాభం లేదని దుర్గారావు ఫోను పెట్టేశాడు.

టీ గ్లాసులతో వచ్చిన భాను జరిగింది విని నెత్తిమీద చేతులు పెట్టుకుంది.

"అరే అంకుల్! ఒకటి నొక్కాలి! బస్, ఏక్! అందరూ ఒకటే నొక్కుతారు!"

"అబద్ధం నొక్కమంటావా?"

"అబద్ధం ఏంటి? ఆ మదర్‌బోర్డు చచ్చిపోయింది."

"చచ్చిపోయిందని ఎవరు రాశారు?"

"నేను చెప్పాను కదా!"

"చెప్పడం వేరు, రాయడం వేరు. ముప్పై ఒక్క ఏళ్లు, భానూ. చెప్పిన మాట మీద ఒక్క నట్టు కూడా రిజిస్టరులోంచి తీసీనేదు నేను."

"మరి బుధవారం వాళ్లొస్తే ఏం చూపిస్తారు? బల్బు చూపిస్తారా?"

ఆయన ముఖం చూసి భాను కూడా ఆగిపోయింది. అనుమతి పోవడం ఒక ఎత్తు. ఆ రద్దు కాగితం మీద, తన పేరు పక్కన, ‘లైసెన్సు లేని’ అనే మాట పడటం ఇంకో ఎత్తు. రెండోది ఆయన లోపల ఎక్కడో ఇప్పటికే పడిపోయినట్టుంది, టీ తాగకుండా గ్లాసు అంచుని వేలితో తుడుస్తూ కూర్చున్నాడు.

అప్పటిదాకా చిక్కుడుకాయలు ఒలుచుకుంటున్న గురమ్మ తలెత్తకుండానే అంది.

"అయితే దాన్ని రిజిస్టరులోంచి కొట్టీండి. కమిటీ ఎయ్యండి."

"ఏటి?"

"ఏటేటి? నలభై ఏళ్లబట్టి ఇంట్నో అదే గోల కదా. ముగ్గురు కూకోవాల, సూడాల, పగలగొట్టాల, సంతకాలెట్టాల. మీరున్నారు, నానున్నాను, ఈ పిల్లుంది. ఇంకేటి కావాల? జెండా కావాలా?"

దుర్గారావు గ్లాసు కింద పెట్టాడు. భార్య వైపు తిరిగాడు. ఇన్నేళ్లలో ఆవిడ తన మాటలు వింటోందని ఆయనకెప్పుడూ అనుమానం రాలేదు.

"వస్తువు ఎవరి చేతిలో ఉందో వాళ్లు అధ్యక్షులుగా ఉండకూడదు. రూలు" అన్నాడు నెమ్మదిగా.

"అయితే నానే అధ్యక్షురాల్ని. కాయలు ఒలవడం అవ్వనీండి, రేపు పొద్దున్న పెట్టుకుందాం."

మంగళవారం తొమ్మిదింటికి ముందు గదిలో కమిటీ సమావేశమైంది. దుకాణం తలుపు సగం వేశారు. బల్ల మీద పాత దినపత్రిక పరిచి, దాని మీద మదర్‌బోర్డు ఉంచారు. గురమ్మ తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని కుర్చీలో కూర్చుంది. భాను మొదట నవ్వాపుకోలేకపోయింది, తర్వాత ఆవిడ ప్రశ్నలు మొదలుపెట్టాక నవ్వలేదు.

"ఇది పన్జెయ్యదని నీకెలా తెలుసు?"

"మీటరు పెట్టి చూశాను ఆంటీ. కరెంటు లోపలికి పోవట్లేదు."

"ఎన్నిసార్లు సూశావు?"

"రెండుసార్లు."

"ఇంకోసారి సూడు. మా ముందు."

భాను మీటరు తీసి చూసింది. ముల్లు కదల్లేదు. గురమ్మ వంగి ముల్లు వైపు, భాను వేళ్ల వైపు చూసి తల ఊపింది.

"బాగుసెయ్యడానికి అవ్వదా?"

"అవుతుందేమో, చెన్నై పంపితే. కొత్తదాని కంటే ఎక్కువ అడుగుతారు."

"అయితే గిట్టదు. రాయండి" అంది అధ్యక్షురాలు.

దుర్గారావు రాశాడు. వస్తువు పేరు, నంబరు, కొన్న ఏడాది, పాడవడానికి కారణం: సముద్రపు గాలి. కారణం దగ్గర ఆయన కలం ఒకసారి ఆగింది. ముప్పై ఒక్క ఏళ్లలో ఎన్ని వస్తువులకి ఈ మాటే రాశాడో. పంపులు, గడియారాలు, దిక్సూచులు, ఒకసారి ఒక కుర్చీ. ఈ దీవుల చరిత్ర ఎవరైనా నిజాయితీగా రాయాలంటే రాజుల పేర్లూ ఖైదీల పేర్లూ వదిలేసి ఆ ఒక్క గడి తిరగేస్తే చాలు.

ఇక పగలగొట్టడం. దుర్గారావు సుత్తి పట్టుకుని ఎత్తాడు, దించాడు. మళ్లీ ఎత్తాడు.

"దాన్ని బల్బు పక్కన పడుకోబెట్టారు కదా, సెయ్యి రావట్నేదు" అని గురమ్మ భానుతో అని, లోపలికెళ్లి కొబ్బరికాయలు కొట్టే కత్తి తెచ్చి, రెండు దెబ్బల్లో పని ముగించింది. మూడు సంతకాలు పడ్డాయి: గురమ్మ తెలుగులో, భాను హిందీలో, దుర్గారావు ఆఫీసు ఇంగ్లీషులో. రిజిస్టరు తెరిచి, ఆ వరుస మీద ఎర్రసిరాతో స్కేలు పెట్టి గీత కొట్టాడు.

"ఇప్పుడు ఫోను చెయ్యి" అన్నాడు.

తొమ్మిది గుంపులు, గుంపుకి ఏడు. ఈసారి భాను చదివింది, ఆయన నొక్కాడు, గురమ్మ వేళ్ల మీద గుంపులు లెక్కపెట్టింది. సిగ్నల్ పోలేదు. యంత్రం గొంతు అడిగింది: ఎన్ని కంప్యూటర్లలో ఉంది?

దుర్గారావు దినపత్రిక మీది ముక్కల వైపు చూసి, ఒకటి నొక్కాడు.

ఆ గొంతు ఆనందమూ ఆశ్చర్యమూ లేకుండా ఎనిమిది గుంపుల అంకెలు చెప్పింది. భాను వాటిని టైపు కొట్టింది. తెర మూల మంచు విడిపోయింది. నిన్న ఒకటి నొక్కినా ఇదే జరిగేదని భాను అనబోయి, గురమ్మ చేతిలో ఇంకా కత్తి ఉండటం చూసి ఊరుకుంది.

బుధవారం పదకొండింటికి తనిఖీ అధికారి వాసుదేవ్ వచ్చాడు. ఇక్కడే పుట్టిన మలయాళీ. హిందీ మాట్లాడతాడు, తెలుగు అర్థమవుతుంది. భాను కూడా పని మానుకుని వచ్చి మూల స్టూలు మీద కూర్చుంది. ఆయన చెప్పులు బయట విడిచి లోపలికొచ్చి, కంప్యూటరు ముందు కూర్చుని, లైసెన్సు పేజీ తెరిచి, యాక్టివేట్ అయిందన్న మాట చదివి టిక్కు పెట్టాడు. ఏడో షరతు అర నిమిషంలో అయిపోయింది.

తర్వాత ఫైలు తిప్పి కనుబొమ్మ ముడిచాడు.

"దుర్గారావ్‌జీ, ఆరేళ్ల కిందట మీరు నమోదు చేసినప్పుడు కంప్యూటరు లోపలి నంబరు రాసిచ్చారు. ఇప్పుడు ఇందులో వేరే నంబరు చూపిస్తోంది. ఇది ఆ కంప్యూటరు కాదా?"

యంత్రం అడిగిన ప్రశ్నే ఇప్పుడు మనిషి అడుగుతున్నాడు.

"అదేనండీ. మదర్‌బోర్డు మారింది."

"మరి పాతది? బయట ఎక్కడైనా మీ సెంటర్ పేరుతో నడుస్తుంటే? మొన్న ఒక చోట అలాగే జరిగింది. పాతది అమ్మేశారు, కొన్నవాడు దాంతో దొంగ ఫారాలు పంపాడు. కాగితం ఏమైనా ఉందా, లేకపోతే నేను పెండింగ్ అని రాయాలి."

దుర్గారావు లేచి బీరువా తెరిచాడు. బల్బు వెలుగు ఆయన ముఖం మీద పడింది. కమిటీ కాగితం తీసి రెండు చేతులతో ఇచ్చాడు. వాసుదేవ్ మొదటి నుంచి చివరి దాకా చదివాడు, మూడు సంతకాలు చూశాడు.

"అధ్యక్షురాలు ఎవరు?"

"నానే" అంది గురమ్మ తెలుగులోనే.

"ముక్కలున్నాయా?"

దినపత్రిక పొట్లం విప్పి చూపించారు. నంబరున్న ముక్క వేరుగా, దారం కట్టి, ట్యాగుతో ఉంది. వాసుదేవ్ ఫైలులోని నంబరుతో దాన్ని పోల్చి చూశాడు. ఇరవై ఏళ్ల సర్వీసులో ఇలాంటి కాగితం ఏ ప్రైవేటు సెంటర్లోనూ చూడలేదన్నాడు. మెచ్చుకున్నాడో జాలిపడ్డాడో ఆయన గొంతులో తెలియలేదు. ‘చూశాను’ అని రాసి కింద సంతకం పెట్టడానికి కలం తీశాడు.

కలం జారింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ జారింది. కాగితాన్ని వెలుగులోకి ఎత్తి చూశాడు. అది అంచులు కూడా మహా అందంగా అతుక్కుని, గట్టిగా, నున్నగా మెరుస్తోంది.

"ఎప్పుడు సేశారండీ ఇది?" అంది గురమ్మ.

"రాత్రి భోజనం అయ్యాక" అన్నాడు దుర్గారావు నేల చూస్తూ. "తడి తగలకుండా."

భాను స్టూలు మీద ముందుకి వంగి మోకాళ్లలో ముఖం దాచుకుంది. నవ్వుకి భుజాలు ఊగుతున్నాయి. వాసుదేవ్ గడియారం చూసుకుని, ఇంకో కాపీ ఉంటే పెట్టేస్తానన్నాడు.

ఇంకో కాపీ లేదు. దుర్గారావు కంప్యూటరు ముందు కూర్చుని ఈసారి మొదటి నుంచి టైపు చేశాడు: వస్తువు పేరు, నంబరు, కొన్న ఏడాది, కారణం. ప్రింటరు కాగితం వదిలింది. గురమ్మ సంతకం పెట్టింది, భాను కళ్లు తుడుచుకుని పెట్టింది, దుర్గారావు పెట్టాడు, కింద వాసుదేవ్ పెట్టి, తేదీ వేసి, అనుమతి పత్రం మూడేళ్లకి పొడిగించి, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

దుర్గారావు ఆ కాగితం ఊది, సిరా ఆరిందో లేదో వేలితో చూసి, మెల్లగా లామినేషన్ మిషను వైపు నడిచాడు. ఎర్రలైటు వెలగలేదు. రెండుసార్లు మీట నొక్కి, వెనక్కి వంగి చూస్తే, గోడకి ప్లగ్గు లేదు. తీగ చుట్ట చుట్టి ఉంది, అది గురమ్మ ఒళ్లో ఉంది, ఆవిడ దాని మీదే పళ్లెం పెట్టుకుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.